మూట్ పాయింట్, మీసాల పద్యం

గోదారి గట్టు:
పెద్దలకు నమస్కారం. రెండు రోజులుగా ఒక పద్యం చివరి ముక్క నోట్లో నానుతోంది. దానికి కారణం ఒక ఇంగ్లీషు మాట. నేను అనువాదాలు చేసుకుని బతికేవాణ్ణి. మొన్న ఒక అమెరికా కంపెనీ మీటింగ్ మినిట్స్ తెలుగు చేసి ఇచ్చాను. అందులో ‘ద పాయింట్ ఈజ్ నౌ మూట్’ అని ఉంటే, ‘ఆ అంశం ఇంకా చర్చనీయమే’ అని రాశాను. అక్కడుండే తెలుగాయన ఫోన్ చేసి ‘మేం మూసేసిన విషయాన్ని మీరు మళ్ళీ తెరిచారేంటండీ’ అన్నాడు. పరువు పోయింది.

మూట్ అంటే వాదనకు తావున్నది అని ఇంటర్‌లో మా ఇంగ్లీషు మాస్టారు చెప్పారు. అంతవరకు బాగా గుర్తు. ఆ పాఠం మధ్యలోనే ఆయన తిరుపతి వెంకట కవుల మీసాల పద్యం ఎత్తుకుని, చివర ‘మీసము దీసి’ అని ఏదో చదివి, ‘మ్రొక్కమే’ దగ్గర ఆగి, బల్ల మీద ఒక్కటి కొట్టి ‘ఇదిరా మూట్ అంటే’ అన్నారు. మధ్యలో మాటలు పోయాయి. ఆ పద్యానికీ మూట్‌కీ ఏమిటి సంబంధం?

కోర్టు పక్షి:
మీరూ తప్పు కాదు, ఆయనా తప్పు కాదు. బ్రిటిష్ వాడుకలో మూట్ పాయింట్ అంటే తేలనిది, ఇంకా వాదించుకోదగ్గది. అమెరికా వాడుకలో తేల్చినా తేల్చకపోయినా ఇక ఒరిగేదేమీ లేనిది. వాళ్ళకిది కోర్టుల నుంచి పాకింది. 1974లో డిఫ్యూనిస్ కేసు చూడండి. లా కాలేజీలో సీటు ఇవ్వలేదని దావా వేశాడు, కింది కోర్టు ఉత్తర్వుతో చేరాడు, సుప్రీంకోర్టు తీర్పు చెప్పే రోజుకి చివరి టర్మ్‌లో ఉన్నాడు. ఎలాగూ పట్టా వచ్చేస్తోంది కదా, కేసు మూట్ అని అయిదుగురు జడ్జిలు అన్నారు, నలుగురు కాదన్నారు. మన కోర్టుల్లో ఆ చోట వాడే మాట వేరే ఉంది, ఇన్‌ఫ్రక్చువస్. మా జూనియర్లకి నోరు తిరగక ‘ఇన్‌ఫ్రక్షన్ అయిపోయింది సార్’ అంటుంటారు.

డాలస్ కోడలు:
మా ఆఫీసులో సగం మంది ‘మ్యూట్ పాయింట్’ అంటారు. అమెరికన్లే. జూమ్ కాల్స్ వచ్చాక మరీ. మూగబోయిన విషయం అనుకుంటే అర్థం కుదిరిపోతోంది కాబట్టి ఎవరికీ అనుమానం రావడం లేదు.

గోదారి గట్టు:
అమ్మా, మా మాస్టారు మూట్ అనే అన్నారు, ‘మూ’ దీర్ఘం. మూట కట్టి అటక మీద పెట్టేది అని గుర్తుపెట్టుకుని ఉంటే ఈ గొడవ ఉండేది కాదు నాకు.

పాత బైండు:
మూట కట్టడం బాగుంది గానీ అసలు మూట్ అంటే సభ. పాత ఇంగ్లీషులో గెమోట్. ఊరి పెద్దలు కూర్చుని తగవులు తీర్చే చోటు. తర్వాత లండన్‌లో వకీళ్ళ విద్యార్థులు ఉత్తుత్తి కేసులు పెట్టుకుని వాదించుకోవడాన్ని మూట్ అన్నారు. ఇప్పటికీ లా కాలేజీల్లో మూట్ కోర్టు అదే. ఉత్తుత్తి కేసు గెలిస్తే ఎవరికేం వస్తుంది? ‘ప్రయోజనం లేనిది’ అన్న అర్థం అక్కడి నుంచి మొలిచింది. మాట తిరగబడలేదు, జారింది.

మన రచ్చ దారి కూడా ఇదే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నప్పుడు రచ్చ అంటే నలుగురూ చేరే చోటు. ఇప్పుడు ‘రచ్చ చేయకు’ అంటున్నాం.

లొల్లి వద్దు:
అన్నా, రచ్చ దాకా ఎందుకు, పంచాయితీ లేదా? అయిదుగురు పెద్దలు కూసొని తెంపేది పంచాయితీ. మా దిక్కు ఇప్పుడు ‘ఆళ్ళిద్దరి నడుమ ఏదో పంచాయితీ ఉంది’ అంటే కొట్లాట ఉంది అని. మందు పేరు రోగానికి పెట్టినట్టు.

పాత బైండు:
భలే అన్నారు. తగవు ఇంకా విడ్డూరం. ‘తగు’ నుంచి వచ్చింది, పాత కావ్యాల్లో తగవు అంటే న్యాయం, ధర్మం. తగవరి అంటే న్యాయం చెప్పే మధ్యవర్తి. ఇప్పుడు తగవులమారి అంటే ఎవరో చెప్పక్కర్లేదు. తగాదాకి దీనితో చుట్టరికం లేదు, అది తకాజా, బాకీ వసూలు కోసం ఒత్తిడి చేయడం. పైకి అక్కచెల్లెళ్ళలా కనిపిస్తారు గానీ పుట్టిళ్ళు వేరు.

చుక్కల మాస్టారు:
రిటైరైన ఇంగ్లీషు టీచరుగా నా గోడు ఒకటి. ముప్పై ఏళ్ళు ‘డిస్కస్ అబౌట్’ అనవద్దని చెప్పి చెప్పి గొంతు పోయింది. ‘గురించి చర్చించు’ అని మన నాలుక లోపల ఉంది, ఏం చేస్తాం. డిస్కస్ లాటిన్‌లో విదిలించి విడదీయడం. డిబేట్ పాత ఫ్రెంచిలో కొట్టి కింద పడేయడం. డిస్ప్యూట్ లెక్క కట్టడం. ఇక ఆర్గ్యుమెంట్ అంటే తేటగా చూపించడం, తెల్లగా మెరిసేది అన్న ధాతువు. లాటిన్‌లో వెండి పేరు, సంస్కృతంలో రజతం, అర్జునుడు అన్నీ దాని సంతానమే. కాబట్టి ఆర్గ్యుమెంటూ అర్జునుడూ జ్ఞాతులు. ఇది నేను ఎక్కడ సందు దొరికినా చెబుతాను, క్షమించాలి.

కోర్టు పక్షి:
మాస్టారూ, ఆ తేట అర్థం మాకు ఇంకా బతికే ఉంది. ‘ఆర్గ్యుమెంట్స్ హర్డ్’ అని డాకెట్ మీద రాస్తే కోర్టులో పోట్లాట జరిగిందని కాదు. మా ఆవిడ మాత్రం ‘నాతో ఆర్గ్యూ చేయకండి’ అంటే అది రెండో అర్థమే. ‘హ్యావ్ యాన్ ఆర్గ్యుమెంట్’ అంటే గొడవ పడటం, ‘మేక్ యాన్ ఆర్గ్యుమెంట్’ అంటే వాదన వినిపించడం. క్రియ మారితే చాలు.

డాలస్ కోడలు:
మా కోడింగ్‌లో ఆర్గ్యుమెంట్ అంటే ఫంక్షన్‌కి ఇచ్చే విలువ. అక్కడ ఎవరూ ఎవరితోనూ గొడవ పడరు, కంపైలర్ తప్ప.

లొల్లి వద్దు:
పేపర్లల్ల వచ్చే ‘రో’ సంగతి చెప్పుండ్రి. ‘కృష్ణా వాటర్ రో’ అని హెడ్డింగ్ పెడితే చిన్నప్పుడు కృష్ణా నీళ్ళ వరుస ఏందిరా అనుకున్నా.

చుక్కల మాస్టారు:
రో కాదు నాయనా, రౌ. ‘కౌ’తో ప్రాస. వరుస అయితే రో, పడవ తెడ్డు వేయడమూ రో, గొడవ అయితే రౌ. మూడే అక్షరాలు కాబట్టి హెడ్డింగులో ఇమిడిపోతుంది, మన ఇంగ్లీషు పేపర్లకు అందుకే అంత ముద్దు. చట్టంలో మాత్రం డిస్ప్యూట్. 1956 చట్టం అంతర్రాష్ట్ర నదీ జల వివాదాల చట్టం, 1969లో బచావత్ ట్రైబ్యునల్ వేసిందీ దాని కిందే. ఒకే నీళ్ళు, ఢిల్లీలో డిస్ప్యూట్, పేపర్లో రౌ, కాలవ గట్టు మీద తగువు.

పాత బైండు:
ఉచ్చారణ అంటున్నారు కాబట్టి, కాంట్రవర్సీలో ఊనిక ఎక్కడ? బ్రిటన్‌లో చాలామంది రెండో అక్షరం మీద వేస్తారు, కన్‌ట్రొవర్సీ అని. ఛాందసులకి అది చెవిలో ముల్లు. మనం తెలుగులో ‘కాంట్రవర్సీ’ అని రాసుకుని ఛాందసుల పక్షాన నిలబడ్డాం, తెలియకుండానే.

చుక్కల మాస్టారు:
ఛాందసుల్లో నన్నూ కలుపుకోండి. ఇంతకీ మీ డిబేట్ దెబ్బలకి మన తర్జనభర్జన తక్కువేం కాదు. తర్జన బెదిరింపు, భర్జన మూకుట్లో వేయించడం. నలుగురు కూర్చుని విషయాన్ని బెదిరించి వేయించడమే చర్చ.

పాత బైండు:
ఇక్కడ మీతో ఏకీభవించలేను. అది భర్జన కాదు, భర్త్సన. తిట్టడం. సంస్కృతంలో తర్జనా భర్త్సనా జంటగా నడుస్తాయి, మన నాలుక ఆ సంయుక్తాక్షరాన్ని భరించలేక ‘ర్జ’ చేసి తర్జనకి జోడీ కుదుర్చుకుంది. వేయించడం మీ ఆవకాయ పోపు.

చుక్కల మాస్టారు:
పోపు కాదండీ, నిఘంటువులో భర్జనానికి వేయించడం అనే ఉంది.

పాత బైండు:
భర్జనానికి ఉంది. తర్జనభర్జనకి ఉందా?

కోర్టు పక్షి:
ఇష్యూ ఫ్రేమ్ అయింది. వాయిదా వేద్దాం. గోదారి గారు అడిగిన పద్యం సంగతి చూడండి ఎవరైనా.

మీసాల తాత:
పేరు పెట్టుకున్నందుకు నేను రాక తప్పదు. ‘రోసము గల్గినన్ గవివరుల్ మము గెల్వుఁడు గెల్చిరేని యీ మీసము దీసి మీ పదసమీపములం దలలుంచి మ్రొక్కమే’. మీసం పెంచడం దోషమని తెలిసే పెంచామని మొదట ఒప్పుకుని, రెండు బాసలకూ మేమే కవీంద్రులమని చాటి, ఆపైన ఈ సవాలు. రెండు బాసలంటే సంస్కృతం, తెలుగు. మూడో బాసగా ఇంగ్లీషు వచ్చి ఉంటే మీసానికి ఎటువైపు చోటిచ్చేవారో!

మీ మాస్టారు ఎందుకు చెప్పారో నాకు తోచింది. ఇది సభలో విసిరిన సవాలు. మూట్ అన్నా సభే. రండి, వాదించండి అన్న పిలుపు. మా తాతగారు ఒక అవధానం చూశారట, అదీ...

పాత బైండు:
తాతగారూ, మీ తాతగారి అవధానం పోయిన నెలే చెప్పారు. సవాలు కాదు అసలు కిటుకు, చివరి ‘మే’లో ఉంది. ‘మ్రొక్కము’ అంటే ఏమిటి? మొక్కం. వ్యతిరేకార్థం. దానికి ‘ఏ’ తగిలిస్తే ‘మొక్కమా ఏమిటి, మొక్కుతాం’ అని ప్రశ్న. ఆ ఒక్క ‘ఏ’ అర్థాన్ని తలకిందులు చేసింది. ప్రశ్న అని తెలియకుండా చదివితే ‘ఓడినా సరే మొక్కం’ అని వస్తుంది. మూట్ కూడా అంతే కదా, ఒకడు తెరిచి ఉంది అంటే ఇంకొకడు మూసేశాం అంటాడు. మీ మాస్టారు బల్ల కొట్టింది అందుకు.

మీసాల తాత:
మీసం తీసి మీ పాదాల దగ్గర తలలు ఉంచి, ఆపైన మొక్కమంటారా? తల పెట్టాక మొక్కనిదేముంది? ఎవడు అలా చదువుతాడండీ.

పాత బైండు:
మా తొమ్మిదో తరగతిలో సగం మంది అలాగే చదివారు. ‘ఏ’ని నొక్కి చెప్పడం అనుకున్నారు, ‘నేనే, నువ్వే’ లాగా.

గోదారి గట్టు:
మా క్లాసులో నేను కూడా. ఇప్పుడు చెబుతున్నాను. ఓడినా మొక్కరంట, ఎంత పౌరుషమో అనుకున్నాను ఇన్నాళ్ళూ. కానీ మాస్టారికి మూట్ రెండో అర్థం తెలుసా? తెలిస్తే మాకు ఒక్కటే ఎందుకు చెప్పారు?

కోర్టు పక్షి:
అర్థం తలకిందులంటే ‘టేబుల్’ని మించింది లేదు. బ్రిటన్‌లో టేబుల్ చేయడమంటే చర్చకు పెట్టడం, అమెరికాలో పక్కన పెట్టేయడం. రెండో ప్రపంచ యుద్ధంలో రెండు దేశాల అధికారులూ ఒక కాగితం టేబుల్ చేయాలా వద్దా అని చాలాసేపు ఘాటుగా వాదించుకుని, చివరికి ఇద్దరూ కోరేది ఒకటే అని గ్రహించారని చర్చిల్ రాసుకున్నాడు. మనం బ్రిటిష్ వైపే. కేబినెట్‌లో ఆఖరి నిమిషంలో తెచ్చేది టేబుల్ ఐటమ్, దాచేది కాదు.

డాలస్ కోడలు:
అమ్మో. పోయిన వారం మా మేనేజర్ ‘లెట్స్ టేబుల్ ఇట్’ అన్నాడు. నేను, హైదరాబాద్ టీమూ కలిసి నలభై స్లైడ్లు చేశాం.

లొల్లి వద్దు:
గోదారన్నా, ఇంతకీ ఆ మినిట్స్‌ల ఏం రాస్తవ్?

గోదారి గట్టు:
‘ఇక దానితో పనిలేదు’ అని రాద్దామనుకుంటున్నాను. బాగుందా?

చుక్కల మాస్టారు:
‘అప్రస్తుతం’ అనండి.

కోర్టు పక్షి:
అప్రస్తుతం అంటే ఇర్రెలవెంట్. మొదటి నుంచీ సంబంధం లేనిది. ఇది ఒకప్పుడు సంబంధం ఉండి ఇప్పుడు పోయింది. ‘నిష్ఫలం’ దగ్గరగా వస్తుంది.

పాత బైండు:
నిష్ఫలం అంటే ప్రయత్నం వృథా అయినట్టు. ‘పనిలేదు’ అన్నదే నయం.

మీసాల తాత:
‘మ్రొక్కమే’ ప్రశ్నే అనుకోండి, పాత ముద్రణలో చివర ప్రశ్న గుర్తు ఉందో లేదో చూస్తాను. పుస్తకం అటక మీద ఉంది. మనవడు వచ్చాక దింపిస్తాను.

చుక్కల మాస్టారు:
అలాగే భర్జన కూడా చూడండి, అదే అటక మీద నిఘంటువు ఉంటే.

పాత బైండు:
భర్త్సన.