టీం లీడ్ పని వద్దన్నాను, మా నాయిన నాతో మాట్లాడటం మానేశాడు

దేవరకద్ర పిల్లగాడు (ప్రశ్న):

నా వయసు 29. సొంతూరు దేవరకద్ర దగ్గర చిన్న పల్లె. హైదరాబాద్‌లో ఏడేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. పోయిన నెల మా మేనేజర్ పిలిచి టీం లీడ్‌ను చేస్తానన్నాడు. నెలకు 18 వేలు పెరుగుతాయి. దాంతోపాటు రాత్రి తొమ్మిదిన్నరకు అమెరికా కాల్స్, ఎనిమిది మంది సెలవుల లెక్కలు, ఎవరి రేటింగ్ తగ్గించాలో తేల్చే పంచాయితీ కూడా నా నెత్తి మీదికే వస్తాయి. రెండు రోజులు ఆలోచించి వద్దన్నాను. ఇప్పుడొచ్చే జీతం సరిపోతోంది. ఏడింటికల్లా రూముకొచ్చి వండుకుంటాను. శనివారం కాచిగూడలో రైలెక్కి ఊరికి పోతాను. ఈ బతుకు నాకు బాగుంది.

ఈ ముచ్చట ఇంట్లో చెప్పడమే నేను చేసిన తప్పు.

మా నాయిన జొన్నరొట్టె తింటున్నాడు. ముక్క పప్పులో ముంచినవాడు ముంచినట్టే ఆగి, "పెద్ద పని ఇస్తమంటే వద్దన్నవా?" అన్నాడు. అంతే. మూడు వారాలైంది, నేను ఫోన్ చేస్తే ఎత్తి నేరుగా అమ్మకు ఇచ్చేస్తున్నాడు.

మా తాత నాగార్జునసాగర్ కట్టేటప్పుడు రాళ్లు మోశాడు. అది రాతి డ్యామ్ కదా, ఎన్ని వేల తట్టలు మోశాడో ఆయనకే తెలియదు. 1955 డిసెంబర్‌లో నెహ్రూ పునాదిరాయి వేసిన రోజు కూడా అక్కడే ఉన్నానని చెప్పేవాడు. "అప్పటికి మీసమే రాలేదు ఈయనకు" అని నాయినమ్మ నవ్వేది. టీవీలో సాగర్ గేట్లు ఎత్తినట్టు చూపిస్తే చాలు, నన్ను పిలిచి 26 గేట్లూ లెక్కపెట్టించేవాడు. నాయినది బొంబాయి, పుణె వలస కూలి. దసరా దాటగానే, కూలోళ్లను గుంపుగా పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని పోవడం, వానలు మొదలయ్యే మిరుగు (మృగశిర కార్తె) ముందర తిరిగి రావడం. అమ్మ కూడా వెంట పోయేది. 2006లో మా జిల్లాకు ఉపాధి హామీ పని వచ్చాక అమ్మ ఊళ్లోనే ఉండిపోయింది. నాయిన మాత్రం మోకాళ్లు అరిగేదాకా పోతూనే ఉన్నాడు.

ఆయన పడ్డ కష్టం నాకు తెలియనిది కాదు. కానీ ఒళ్లు హూనమైతేనే అది పని, లేకపోతే సోమరితనం అంటే ఎట్లా? మీ ఇళ్లలో ఇలాంటిది జరిగిందా?

గుంట మగ్గం:

మాది గద్వాల. మా ఇంట్లో దీనికి తిరగబడిన కథ. గద్వాల చీర అంటే ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండూ కలిసే చోట పోగు తప్పితే చీర మొత్తం పోయినట్టే. మా నాయిన ఆ పనిలో ఆరితేరినవాడు. నాకు పన్నెండేళ్లప్పుడు సరదాగా మగ్గం గుంటలోకి దిగితే వీపు మీద ఒక్కటిచ్చి లేపాడు. "ఇది నాతోనే అయిపోవాలె" అన్నాడు. ఇప్పుడు నేను కర్నూలులో ఫోన్ల షాపులో ఉన్నాను. బంధువులకు నా గురించి గొప్పగానే చెప్పుకుంటాడు. 2010లో గద్వాల చీరకు జీఐ గుర్తింపు (ఆ పేరు ఆ ఊరి సరుకుకే చెల్లుతుందని ఇచ్చేది) వచ్చిందన్న పేపర్ ముక్క మాత్రం ఇప్పటికీ ట్రంకుపెట్టెలో, రేషన్ కార్డు కింద దాచుకున్నాడు.

పోలేపల్లి షిఫ్ట్:

కోపం రావచ్చు, చెప్తున్నా. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో మందుల తయారీ పని నాది. వారం పగలు, వారం రాత్రి. నిద్ర ఎప్పుడు పడుతుందో నాకే తెలియదు. 29 ఏళ్లకే "సరిపోతోంది" అంటున్నావు. నలభై అయిదుకు ఇంకా అదే కుర్చీలో ఉంటే కంపెనీ నిన్ను చూసి ఏమంటుందో అది కూడా ఆలోచించు. మీ నాయిన పూర్తిగా తప్పని నేను అనను.

నల్లగొండ టీచరమ్మ:

తమ్ముడూ, నీ కష్టం చూసి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకు. నేను ఇక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. పోయిన ఏడాది వైస్ ప్రిన్సిపల్‌గా ఉండమన్నారు. నాకు చాలా ఆశ, వెంటనే ఒప్పుకున్నాను. నువ్వు వద్దన్నందుకు మీ నాయిన అలిగాడు. నేను సరేనన్నందుకు మా ఆయన అలిగాడు. పదిహేను రోజులు ఇంట్లో తినకుండా బయట బిర్యానీ తిన్నాడు మహానుభావుడు, చివరికి కడుపు పాడై దారికొచ్చాడు. మా ఆయనకూ నాకూ రెండేళ్లే తేడా. దీన్ని ఏ తరం గొడవ అనాలి?

ఇంతకీ మీ అమ్మ ఏమన్నదో రాయలేదు నువ్వు.

మక్తల్ మనిషి:

మా నాయిన గుంపు మేస్త్రీగా పనిచేశాడు కాబట్టి ఒక సంగతి చెప్తాను. ఆయన దగ్గర పొడుగాటి నోటుబుక్కు ఉండేది. పేరు, తీసుకున్న అడ్వాన్స్, పక్కన వేలిముద్ర. పిలిస్తే రాననే మనిషి పేరు మీద అడ్డగీత కొట్టేవాడు. వచ్చే ఏడు వాళ్లింటికి పోయేవాడు కాదు. అడ్వాన్స్ రాకపోతే ఆ ఇంట్లో పండుగ లేదు, షావుకారి మిత్తి కట్టేది లేదు. మా నాయిన చెడ్డవాడేం కాదు, పైనున్న కాంట్రాక్టరు ఆయనతో అట్లనే ఉండేవాడు.

నువ్వు "వద్దన్నాను" అని చెప్పినప్పుడు మీ నాయినకు ఆ గీతే కనపడి ఉంటుంది. ఆశ, తృప్తి అని ఆయనతో వాదన పెట్టుకోకు. కొలువు ఉందని చూపించు.

దేవరకద్ర పిల్లగాడు:

శనివారం ఊరికి పోయాను. ఒకటో తారీఖు జీతం పడిన మెసేజ్ తీసి నాయిన ముందు పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని ఒక్కో అంకె చదివాడు.

"వద్దన్నంక పడ్డదా ఇది?"

"అవును."

"మల్ల నెల?"

"పడతది."

"ఆ పై నెల?" పోలేపల్లి అన్న రాసింది గుర్తొచ్చి దీనికి వెంటనే జవాబు రాలేదు.

టీచరమ్మా, అమ్మను అడిగాను. పుణెలో ఉన్నప్పుడు సగం గుంపును చూసుకోమని మేస్త్రీ నాయినకు చెప్పాడట. "మనోళ్ల కూలి మనమే కోసుడు నాతోని కాదు" అని వచ్చేశాడట. మరుసటి ఏడు మేస్త్రీ మా ఇంటికి రాలేదు. నేను పుట్టింది ఆ ఏడే. అమ్మ పుస్తెలతాడు షావుకారి దగ్గర మూడేళ్లు ఉందట. అమ్మ ఇదంతా చెప్తుంటే నాయిన లేచి బర్రెకు నీళ్లు పెట్టడానికి పోయాడు. అంతకు ముందే పెట్టాడు, నేను చూశాను.

నిన్న రాత్రి ఫోన్ ఎత్తి, "ఆ పని ఎవరికిచ్చిన్రు?" అని అడిగాడు. నాకంటే రెండేళ్లు చిన్నదానికి, సూర్యాపేట అమ్మాయికి ఇచ్చారని చెప్పాను.

"మంచిగ చేస్తున్నదా?"

"చేస్తోంది."

"సరే, అమ్మకిస్తున్న" అని ఫోన్ ఇచ్చేశాడు.