మంచు పెద్దగా పడని ఊళ్లో ఈవీకి ఏ టైర్లు? మామూలు ఆల్ సీజనా, స్నోఫ్లేక్ గుర్తున్నవా?

ప్లగ్‌పాయింట్ (సమామిష్, వాషింగ్టన్)

మాది 2022 టెస్లా మోడల్ వై లాంగ్ రేంజ్ కరెంటు కారు (ఈవీ), 19 అంగుళాల చక్రాలు. కారుతో వచ్చిన టైర్లు అరిగి ట్రెడ్ (టైరు గాడుల లోతు) 4/32 అంగుళానికి వచ్చింది. నవంబర్ వానలు మొదలయ్యేలోపు మార్చేయాలి. రోజూ రెడ్మండ్ ఆఫీసుకి వెళ్లొస్తాను. దారంతా వానే గానీ మంచు ఉండదు. కాకపోతే ఇల్లు కొండ మీద. పైగా చలికాలంలో పిల్లల్ని స్నోక్వాల్మీ పాస్‌కి (కొండ కనుమ దారికి), క్రిస్మస్ లైట్లు చూడ్డానికి లెవెన్‌వర్త్‌కి తీసుకెళ్లక తప్పదు.

మూడు రకాలు చూశాను. ఈవీల కోసమని అమ్మే హాంకూక్ ఐయాన్ లాంటి ఆల్ సీజన్ టైర్లు ఒకటి. వీటికి శబ్దం తక్కువ, రేంజ్ (ఒక చార్జింగ్‌కి నడిచే దూరం) పోదు అంటున్నారు. మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2, నోకియన్ రెమెడీ లాంటి స్నోఫ్లేక్ గుర్తున్నవి రెండోవి. ఇక్కడి షాపుల్లో వీటిని ఆల్ వెదర్ అంటారు. చలికాలానికి విడిగా ఇంకో సెట్టు కొనడం మూడోది. గ్యారేజీలో కాలు పెట్టే చోటు లేదు కాబట్టి అది వదిలేశాను. మిగిలిన రెండిట్లో ఏది మేలు? స్నోఫ్లేక్ టైర్లు వేయిస్తే రేంజ్ బాగా పడిపోతుందని ఆఫీసులో అందరూ భయపెడుతున్నారు.

గోదారిగట్టు (బాథెల్)

ఇల్లు కొండ మీద, పిల్లలతో పాస్ దాటాలి అని మీరే రాశారు. ఇంకా ఆలోచన ఎందుకండీ? స్నోఫ్లేక్ ఉన్నవే వేయించండి.

మామూలు ఆల్ సీజన్ టైరు పక్కన 'ఎం ప్లస్ ఎస్' అని ఉంటుంది. బురదకీ మంచుకీ పనికొస్తుందని చెప్పుకోవడం అన్నమాట. ఆ అక్షరాలు అచ్చేసుకోవడానికి మంచులో పరీక్ష ఏదీ అక్కర్లేదు, ట్రెడ్‌లో గాడులు తగినంత ఉంటే చాలు. మూడు శిఖరాల కొండ, అందులో మంచురేకు ఉన్న ఈ స్నోఫ్లేక్ గుర్తు అలా ఊరికే రాదు. నిజంగా మంచు మీద నడిపి, ఒక ప్రామాణిక టైరు కన్నా 10 శాతానికి పైగా ఎక్కువ పట్టు చూపిస్తేనే వేసుకోనిస్తారు. సమామిష్ కొండ మీద ఫిబ్రవరి 2019లో మంచు ఎలా పడిందో మీరప్పుడు ఉండి ఉంటే గుర్తుండే ఉంటుంది. వీధిలో కార్లు వదిలేసి జనం నడిచి ఇళ్లకు వెళ్లారు.

వాట్‌లెక్క (రెంటన్)

గోదారిగట్టు అన్నా, సగమే చెప్పారు. ఇక్కడ ఆ గుర్తుకి పెట్టే పరీక్ష కారు ముందుకు కదిలేటప్పటి పట్టుకి మాత్రమే. బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతుంది, మలుపులో జారుతుందా, ఐసు మీద ఏమవుతుంది అన్నవి అందులో లేవు. మోడల్ వై లాంగ్ రేంజ్‌కి రెండు మోటార్లు. కదలడానికి దానికి ఇబ్బందే లేదు. అంటే ఈ కారుకి కొరత లేని విషయంలోనే ఆ గుర్తు భరోసా ఇస్తోంది.

సియాటిల్‌లో మంచు అసలు పడని ఏళ్లు కూడా ఉంటాయి. వాన మాత్రం ఏడాదికి సగటున 37 అంగుళాల పైనే. కాబట్టి ముందు చూడాల్సింది తడి రోడ్డు మీద బ్రేకు. తర్వాత శబ్దం. క్రాస్‌క్లైమేట్ ట్రెడ్ వి ఆకారంలో ఉంటుంది, అరిగే కొద్దీ హోరు పెరుగుతుంది. పెట్రోలు కారులో అయితే ఇంజన్ చప్పుడులో కలిసిపోయేది, ఇందులో చెవిలోనే మోగుతుంది. ఆ తర్వాత రేంజ్. స్నోఫ్లేక్ టైర్లు వేయించాక నా కారు కరెంటు వాడకం మైలుకి 260 వాట్ అవర్ల నుంచి 285కి ఎక్కింది. కళ్లారా చూసిన లెక్క ఇది.

నల్లపూసలు (ఇసాక్వా హైలాండ్స్)

వాట్‌లెక్క గారూ, ఏ నెలలో మార్పించారు?

వాట్‌లెక్క (రెంటన్)

నవంబర్ మొదట్లో. ఎందుకు మేడమ్?

నల్లపూసలు (ఇసాక్వా హైలాండ్స్)

అనుకున్నాను. నవంబర్‌లో హీటర్ పెడతాం, బ్యాటరీ చల్లగా ఉంటుంది, చల్లగాలి కాస్త చిక్కగా ఉంటుంది, తడి రోడ్డు మీద నీళ్లు చిమ్మడానికి కూడా చక్రం కష్టపడాలి. టైర్లు మార్చకపోయినా మీ 260 పెరిగేదే.

ఇంకోటి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అరిగిపోయిన టైరు తేలిగ్గా దొర్లుతుంది. కొత్త టైరుకి ట్రెడ్ లోతుగా ఉండి, ఆ రబ్బరు దిమ్మలు అటూ ఇటూ నలుగుతూ శక్తి తింటాయి. కాబట్టి ఏ రకం కొత్త టైరు వేసినా మొదట్లో రేంజ్ కొంచెం తగ్గుతుంది. అందరూ చివరి దశలో ఉన్న పాత టైరుతో కొత్తదాన్ని పోల్చి, తప్పంతా కొత్త బ్రాండు మీద వేస్తారు. స్నోఫ్లేక్ టైరుకీ ఈవీ టైరుకీ నిజమైన తేడా తెలియాలంటే రెండూ కొత్తగా ఉన్నప్పుడు, ఒకే వాతావరణంలో చూడాలి. ఇళ్లలో అలా ఎవరు చూస్తారు?

తేడా లేదని నేను అనను. పోనీ 5 శాతం అనుకుందాం. ఏడాదికి 12 వేల మైళ్లు, మైలుకి 280 వాట్ అవర్లు అంటే 3,360 యూనిట్లు. అందులో 5 శాతం 168 యూనిట్లు. ఇంట్లో చార్జింగ్ యూనిట్ 15 సెంట్లు వేసుకుంటే ఏడాదికి 25 డాలర్లు. నాలుగు టైర్లూ బిగించడానికి వెయ్యి డాలర్లు పైన పెట్టేవాళ్లు పాతిక డాలర్ల కోసం తల పట్టుకోవడం నాకైతే అర్థం కాదు.

వాట్‌లెక్క (రెంటన్)

డబ్బు సంగతి ఒప్పుకుంటాను. కానీ రేంజ్ అంటే కరెంటు బిల్లు ఒక్కటే కాదు. లెవెన్‌వర్త్‌లో చలి, దారిలో కొండ ఎక్కుడు, వెనక పిల్లలు. చార్జర్ దగ్గర క్యూ ఉన్న రోజున ఆ 5 శాతమే టెన్షన్ పెడుతుంది.

ఫ్రిస్కోకుర్రాడు (డాలస్ దగ్గర)

మా దగ్గర మంచు కన్నా ఐసు ఎక్కువ. ఫిబ్రవరి 11, 2021న ఫోర్ట్ వర్త్‌లో ఐ-35 పశ్చిమ దారి మీద ఐసుకి 130కి పైగా బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, ఆరుగురు చనిపోయారు. అలాంటి ఐసు మీద స్నోఫ్లేక్ ఉన్నా లేకపోయినా ఒకటే. ఇంట్లో కూర్చోవడమే మందు. ఇక్కడ వేసవి 100 ఫారెన్‌హీట్ దాటుతుంది, చలికాలం కోసం మెత్తగా చేసిన రబ్బరు ఆ రోడ్డు మీద తొందరగా అరిగిపోతుంది. అందుకే నేను మామూలు ఆల్ సీజన్ వైపే.

ఒక మాట. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే ఈవీ దానంతట అదే బ్రేకు పడినట్టు నెమ్మదిస్తుంది కదా. మా ఆవిడ నడిపేది వెనక మోటారు మాత్రమే ఉన్న మోడల్ 3. దాంట్లో ఆ బ్రేకంతా వెనక చక్రాల మీదే పడుతుంది. జారే రోడ్డు మీద కాలు ఠక్కున తీస్తే వెనక భాగం ఊగిసలాడుతుంది. కారులోని కంప్యూటర్ వెంటనే సర్దుతుంది గానీ, వెనక టైర్లు అరిగి ఉంటే అదీ కష్టమే.

గోదారిగట్టు (బాథెల్)

మీకు పాస్ లేదు తమ్ముడూ. ఐసు వచ్చిన రోజు ఇంట్లో ఉంటే సరిపోతుంది. ఇక్కడ ఊళ్లో వాన, గంట ప్రయాణంలో నిలువెత్తు మంచు. ఒకే రోజు రెండూ తొక్కాలి.

రైన్‌తీరం (డ్యుసెల్‌డార్ఫ్, జర్మనీ)

మా రైన్ మైదానంలో కూడా చలికాలం మీలాగే. వాన, మబ్బు, ఎప్పుడో ఒకరోజు మంచు. ఇక్కడ ఈ తగువు చట్టమే తీర్చేసింది. రోడ్డు మీద మంచో ఐసో ఉంటే స్నోఫ్లేక్ గుర్తున్న టైర్లతోనే నడపాలి. పాత ఎం ప్లస్ ఎస్ టైర్లకి ఇచ్చిన గడువు 2024 సెప్టెంబర్ 30తో అయిపోయింది. అందుకే ఇక్కడ ఆల్ సీజన్ అని అమ్మేవాటికి దాదాపు ఎప్పుడూ ఆ గుర్తు ఉంటుంది.

మీకు లేని సౌకర్యం ఒకటి మాకుంది. యూరప్‌లో ప్రతి టైరుకీ ఒక లేబుల్ ఉంటుంది. దొర్లడానికి ఎంత శక్తి తింటుంది, తడి రోడ్డు మీద ఎంత పట్టు ఉంది అన్నవాటికి ఏ నుంచి ఈ వరకు గ్రేడ్లు ఇస్తారు. బయటికి వినిపించే శబ్దం డెసిబెల్స్‌లో వేస్తారు. వాట్‌లెక్క గారు అడిగేవి మూడూ అక్కడే దొరుకుతాయి. మీరు కొనబోయే సైజు మా లేబుల్‌లో చూసుకోవచ్చు.

వాట్‌లెక్క (రెంటన్)

చూశానండీ, కానీ జాగ్రత్త. పేరు ఒకటే అయినా అమెరికాలో అమ్మే టైరు, యూరప్‌లో అమ్మేది ఒకటే కానక్కర్లేదు. ఇక్కడి వాళ్లకి 60 వేల మైళ్ల వారంటీ కావాలి, అక్కడి వాళ్లకి తడిలో పట్టు కావాలి. రబ్బరు దానికి తగ్గట్టు మారుస్తారు.

పాస్‌రాజు (నార్త్ బెండ్)

నేను వారం వారం ఆ పాస్ ఎక్కేవాణ్ని. అసలు రూలు ఏమిటో ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను.

'ట్రాక్షన్ టైర్లు తప్పనిసరి' అని బోర్డు వెలిగితే వాషింగ్టన్ చట్టం ప్రకారం ఎం ప్లస్ ఎస్ అయినా చాలు, స్నోఫ్లేక్ అయినా చాలు. కాకపోతే ట్రెడ్ కనీసం 1/8 అంగుళం ఉండాలి. అంటే 4/32. ప్లగ్‌పాయింట్ గారూ, మీ టైర్లు సరిగ్గా ఆ గీత మీద ఉన్నాయి, ఇంకాస్త అరిగితే చట్టం లెక్కలో అవి ట్రాక్షన్ టైర్లే కావు. 'చెయిన్లు తప్పనిసరి' అని వెలిగితే నాలుగు చక్రాలకీ మోటారు బలం అందే (ఆల్ వీల్ డ్రైవ్) కారుకి మినహాయింపు ఉంది, అప్పుడు కూడా నాలుగూ ట్రాక్షన్ టైర్లయి ఉండాలి, చెయిన్లు డిక్కీలో ఉండాలి. మోడల్ వైకి చెయిన్లు వెనక చక్రాలకే వేయమంటుంది మాన్యువల్. ఇనుప చెయిన్ల గోల వద్దనుకుంటే గుడ్డతో చేసిన ఆటోసాక్ రాష్ట్రం ఒప్పుకున్న జాబితాలో ఉంది, తొడగడం తేలిక.

ఇది చట్టం మాట. నా మాట వేరు. పాస్ మీద నేను చూసిన గుంటలో పడ్డ కార్లలో చాలావరకు ఆల్ వీల్ డ్రైవ్‌వే. జోరుగా బయల్దేరాయి, ఆగలేకపోయాయి. మోడల్ వై బరువు 4,400 పౌండ్లకి దగ్గర. ఆ బరువు దిగుడులో వెనకనుంచి తోస్తుంటే ఆపాల్సింది మోటార్లు కాదు, నాలుగు చోట్ల అరచేయంత రబ్బరు.

నల్లపూసలు (ఇసాక్వా హైలాండ్స్)

రాజుగారు చెప్పిన 4/32 మాట వానకి కూడా వర్తిస్తుంది. గాడిలో లోతు లేకపోతే నీళ్లు పక్కకి పోవు, ఫ్రీవే వేగంలో టైరు నీళ్ల మీద తేలుతుంది. అరిగిన గొప్ప టైరు కన్నా లోతున్న మామూలు టైరే నయం. ఏ బ్రాండు అన్న వాదన నెలల తరబడి సాగదీసి, అదే అరిగిన టైర్లతో నవంబర్ అంతా 405 ఫ్రీవే మీద తిరిగేవాళ్లని చూస్తున్నాను.

కొనేటప్పుడు లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె) చూడటం మరవకండి. 255/45ఆర్19 సైజులో మీకు కావాల్సింది 104, ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసే రకం). అంటే ఒక్కో టైరు 900 కిలోలు మోయాలి. మా మరిదికి ఒక షాపులో 'సైజు ఒకటే కదా సార్' అని తక్కువ ఇండెక్స్‌ది బిగించబోయారు. డోరు దగ్గరి స్టిక్కర్ చూపిస్తే గానీ ఆగలేదు. గాలి 42 పీఎస్‌ఐ. ఉష్ణోగ్రత 10 ఫారెన్‌హీట్ డిగ్రీలు పడితే సుమారు ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది, సెప్టెంబర్‌లో కొట్టించిన గాలి డిసెంబర్‌కి చాలదు. రేంజ్ పోయిందని ఏడ్చేవాళ్లలో కొందరిది గాలి సమస్యే.

ప్లగ్‌పాయింట్ (సమామిష్)

అందరికీ థాంక్స్. రేంజ్ భయం తగ్గింది. శబ్దం గురించి ఇంకా అనుమానం ఉంది. లోపల ఫోమ్ అతికించిన టైర్లు కొంటే హోరు తగ్గుతుందా?

వాట్‌లెక్క (రెంటన్)

గుయ్‌మనే మోత తగ్గుతుంది. కానీ మేకు దిగితే ఆ ఫోమ్ కొంత గీకి తీసి అతుకు వేయాలి. కొన్ని షాపులు మావల్ల కాదని పంపేస్తాయి.

నా ఓటు ఇప్పటికీ ఈవీ ఆల్ సీజన్‌కే. లెవెన్‌వర్త్‌కి వాతావరణం బాగున్న రోజు చూసుకుని వెళ్లండి, ఆటోసాక్ డిక్కీలో పడేయండి.

గోదారిగట్టు (బాథెల్)

పిల్లల స్కూలు సెలవులు వాతావరణం చూసుకుని ఇవ్వరు కదా వాట్‌లెక్కా.

పాస్‌రాజు (నార్త్ బెండ్)

క్రాస్‌క్లైమేట్ తీసుకుంటే ఒకటి గుర్తుంచుకోండి. దానికి తిరిగే దిశ ఉంది, కాబట్టి రిమ్ముల నుంచి విప్పకుండా కుడిది ఎడమకి మార్చలేరు. ముందుది వెనక్కి, వెనకది ముందుకి మాత్రమే. 6,250 మైళ్లకోసారి మార్పించమని టెస్లానే చెబుతుంది. బిల్లులు దాచుకోండి, మార్పించిన రుజువు లేకపోతే వారంటీ క్లెయిమ్ నిలవదు.

ప్లగ్‌పాయింట్ (సమామిష్)

శనివారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. స్నోఫ్లేక్ ఉన్నవే, 104 ఎక్స్‌ఎల్. వాట్‌లెక్క గారూ, మైలుకి వాట్ అవర్లు ఇవాళ్టి నుంచే రాసిపెడుతున్నాను, వచ్చే ఏప్రిల్‌లో ఇక్కడే పెడతాను.

వాట్‌లెక్క (రెంటన్)

ఏప్రిల్ కాదు, వచ్చే అక్టోబర్‌లో పెట్టండి. లేకపోతే నల్లపూసలు మేడమ్ మిమ్మల్ని కూడా ఏ నెలలో మార్పించారని అడుగుతారు.