సమస్యాపూరణం: కనుల ముందె యుండి కానరాదు

నిర్వాహకుడు:
ఈ వారం ఆటవెలది చివరి పాదం ఇస్తున్నాను.

*కనుల ముందె యుండి కానరాదు*

దేవుడి మీదా ఆత్మ మీదా ఈ పాదాన్ని ఎవరైనా పూరిస్తారు. అందుకే ఒక షరతు పెడుతున్నాను. డౌన్‌లోడ్ చేసుకున్న ఫోటో గానీ వీడియో గానీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకోబోతే ఎదురైన చిక్కునే చెప్పాలి. కళ్ళ ముందు ఉన్నది ఎందుకు కనబడదో మీరు రాసే మొదటి మూడు పాదాల్లో తేలాలి. కారణం లేని పూరణ ఎంత తియ్యగా ఉన్నా లెక్కలోకి రాదు.

తెనాలి సభ్యుడు (తెలుగు మాస్టారు):

జిప్పు విప్పకుండ చిత్రాలు వెదుకగా
ఫోల్డరట్లు తోచు పొట్లమందు
పెండ్లి వీడియోయె పేరుతో నున్నను
కనుల ముందె యుండి కానరాదు

మా అన్నయ్యగారి అమ్మాయి పెళ్ళి వీడియోలు డ్రైవ్ నుంచి దింపితే జిప్ ఫైలుగా, అంటే అన్నీ కలిపి కట్టిన ఒకే మూటగా వచ్చాయి. విండోస్‌లో దాని మీద రెండుసార్లు నొక్కితే మామూలు ఫోల్డర్‌లాగే తెరుచుకుంటుంది, పేర్లన్నీ కనిపిస్తాయి. ఎడిటర్‌లో ఇంపోర్ట్ నొక్కితే మాత్రం ఏమీ లేదు. 'ఎక్‌స్ట్రాక్ట్ ఆల్' చేశాకే వచ్చాయి.

నిర్వాహకుడు: జి-చి, ఫో-పొ, పె-పే, యతులన్నీ (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) కుదిరాయి మాస్టారూ. జిప్‌ను పొట్లం అనడం నాకు బాగా నచ్చింది. విప్పితే గానీ లోపలిది చేతికి రాదు కదా.

ఖమ్మం సభ్యుడు (కొత్తగా చేరినవాడు):

తోక మార్చినంత దొరుకునా చిత్రంబు
పేరు మారె గాని లోన నదియె
వెబ్‌పి బొమ్మ కెన్ని వేషాలు వేసిన
కనుల ముందె యుండి కానరాదు

నా ఎడిటర్ వెబ్‌పి అనే రకం బొమ్మను తీసుకోలేదు. ఫైలు పేరు చివర 'జేపీజీ' అని మార్చి చూశాను, అయినా తీసుకోలేదు. ఇది నా మొదటి పద్యం, తప్పులుంటే చెప్పండి.

తెనాలి సభ్యుడు: గణాలు సరిగ్గా ఉన్నాయి నాయనా. రెండో పాదంలో యతి తప్పింది. 'పే'కి నాలుగో గణం మొదట 'లో' సరిపోదు. 'పేరు మారె గాని పెట్టె యదియె' అంటే పే-పె కుదురుతుంది.

నిర్వాహకుడు: ఈ సవరణ యతితో పాటు అర్థాన్నీ నిలబెట్టింది. ఎంపీ4, ఎంకేవీ లాంటి వీడియో ఫైళ్ళు నిజంగా పెట్టెలే, లోపల బొమ్మా శబ్దమూ విడివిడిగా కుదించి ఉంటాయి. 2010లో గూగుల్ తెచ్చిన వెబ్‌పి కూడా రిఫ్ అనే పెట్టెలోనే వస్తుంది. పెట్టె మీద చీటీ మార్చినంత మాత్రాన లోపలి సరుకు మారదు. ఫోటోలు చూసే ప్రోగ్రామ్‌లో తెరిచి, 'సేవ్ యాజ్'లో పీఎన్‌జీ గానో జేపీజీ గానో దాచాలి. ఐఫోన్ ఫోటోలకు 2017లో ఐఓఎస్ 11తో వచ్చిన హెచ్ఈఐసీ అనే ఫైలు రకం దగ్గరా కొన్ని ఎడిటర్లతో ఇదే గొడవ.

రాజమండ్రి సభ్యుడు (పెళ్ళిళ్ళ వీడియోగ్రాఫర్):

ఫైలు చోటు మార్చి పనికి కూర్చుండగ
ఎర్ర తెరయె తోచె నెడిటరందు
దారి మాత్ర మెరుగు, దాచుకో దది ఫైలు
కనుల ముందె యుండి కానరాదు

డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నిండిపోయిందని వీడియోలన్నీ బయటి హార్డ్‌డిస్క్‌కి మార్చేశాను. తెల్లారి ప్రాజెక్ట్ తెరిస్తే టైమ్‌లైన్ అంతా ఎరుపు, 'మీడియా ఆఫ్‌లైన్' అని. మర్నాడే డెలివరీ. ఆ టెన్షన్ చెప్పలేను.

నిర్వాహకుడు: నా దృష్టిలో ఈ వారం మేటి పూరణ ఇదే. మూడో పాదం చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. చాలామంది ఇంపోర్ట్ అంటే ఫైలు ఎడిటర్ లోపలికి వెళ్ళిపోయిందనుకుంటారు. ప్రీమియర్, రిజాల్వ్ లాంటి వీడియో ఎడిటర్లు మామూలుగా అది ఉన్న చోటు చిరునామా మాత్రమే రాసుకుంటాయి. గంటల కొద్దీ వీడియో ఉన్నా ప్రాజెక్ట్ ఫైలు చిన్నగా ఉండేది అందుకే. చోటు మారితే ప్రీమియర్‌లో 'లింక్ మీడియా', రిజాల్వ్‌లో 'రీలింక్' చేసి కొత్త దారి చూపాలి. దయచేసి డౌన్‌లోడ్స్ నుంచి నేరుగా ఇంపోర్ట్ చేయకండి. ముందు పనికో ఫోల్డర్ పెట్టి, అన్నీ అందులోకి చేర్చుకుని, అప్పుడు ఎడిటర్ తెరవండి.

తెనాలి సభ్యుడు: 'ఎ'కి 'నె'లోని ఎత్వంతో స్వరయతి. 'దాచుకో దది' సంధి కూడా చక్కగా ఉంది. 'పనికి గూర్చుండగ' అంటే వ్యాకరణానికి ఇంకా దగ్గర.

డల్లాస్ సభ్యురాలు:

మబ్బులోన దాగె మాయమ్మ రూపంబు
చిన్న నీడ నాకు చిక్కె నంతె
దింపుకొనక నేను తెర నెంత వెదికిన
కనుల ముందె యుండి కానరాదు

అమ్మ సంవత్సరీకానికి చిన్న వీడియో చేస్తున్నాను. ల్యాప్‌టాప్‌లో ఫోటో కనిపిస్తోంది, ఎడిటర్‌లోకి మాత్రం రావడం లేదు.

నిర్వాహకుడు: పద్యం మనసును తాకిందమ్మా. 'మాయమ్మ' అని కలిపి రాస్తే 'మాయ'గా చదివే ప్రమాదం ఉంది, 'మా యమ్మ' అని విడదీయండి. మీ ఫోటోలు దాచేది వన్‌డ్రైవ్‌లో (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ) అయితే పేరు పక్కన మబ్బు గుర్తుందేమో చూడండి. ఆ గుర్తుంటే అసలు ఫైలు ఇంకా కంప్యూటర్లోకి దిగలేదు, మీరు చూసేది దాని నీడే. కుడి క్లిక్‌తో 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్' ఎంచుకుని, పూర్తిగా దిగాక ఇంపోర్ట్ చేయండి. వాట్సాప్‌లో వచ్చిన కాపీని మాత్రం వాడకండి, చాలాసార్లు అది కుదించినది. అన్నయ్యనో చెల్లెల్నో డాక్యుమెంట్‌గా పంపమని అడగండి.

డల్లాస్ సభ్యురాలు: మబ్బు గుర్తే ఉందండీ. దింపాను, వచ్చింది. అమ్మ చీర అంచు మీద జరీ కూడా కనిపిస్తోంది. 'మా యమ్మ' అని విడదీసి, ఈ పద్యాన్నే వీడియో మొదట్లో పెట్టుకుంటున్నాను.