అప్‌డేట్: మెరూన్ ఊలు రంగు ఆగింది, శాలువా అల్లిక మొదలైంది

అమ్మకి రెండు రంగుల శాలువా కోసం ప్రత్యేకంగా రంగు వేయించిన మెరూన్ ఊలు నీళ్లలో రంగు దిగుతోంది, తెల్లదానితో కలిపి అల్లొచ్చా అని అడిగాను కదా. మీలో ఒకరు చెప్పినట్టే చిలపల్ని (ఊలు దారం కట్టల్ని) వెనిగర్ కలిపిన నీళ్లలో ముంచి, మరగనివ్వకుండా సన్న మంట మీద అరగంట ఉంచి, అందులోనే చల్లారనిచ్చాను, ఎందుకంటే వేడి ఊలుని ఒక్కసారిగా చన్నీళ్లలో వేస్తే ముద్దకట్టేస్తుంది. జాడిస్తే నీళ్లు తేటగా వచ్చాయి! రెండు రంగులతో చిన్న ముక్క అల్లి, తడిపి ఆరబెట్టినా తెలుపు తెలుపుగానే ఉంది. టెన్షన్ పోయింది. ఈ చిట్కా ఊలుకి వేసే యాసిడ్ రంగులకే, నూలుకి వెనిగర్ పోసి లాభం లేదు.

పొందూరు నూలు వాడమన్నారొకరు. వాలుగ చేప దవడతో పత్తి ఏకి వడికే ఆ సన్నని నూలంటే నాకు ప్రాణం, కానీ దానికి ఊలులా సాగే గుణం లేదండీ, రెండు రంగులతో అల్లేటప్పుడు ఆ కుట్టులో వాడని రంగు దారం వెనక వేలాడుతుంది, అది కాస్త బిగిసినా ముందువైపు ముడతలు పడతాయి.

అంచు అయింది, మధ్యలో చుక్కల ముగ్గు నడుస్తోంది. ఐదు కుట్లకోసారి ఆ వెనక దారాన్ని అల్లే దారంతో మెలేస్తున్నాను, లేకపోతే అమ్మ గాజులకి తగులుకుంటుంది. విజయనగరంలో ఊలు శాలువా ఎందుకన్నవాళ్లకి, ఆవిడ ధనుర్మాసమంతా తెల్లవారకముందే గుడికి వెళ్తుంది. వెనిగర్ సంగతి చెప్పినవారికి చాలా థాంక్స్ అండీ.