ఫ్యాంటసీ ఫుట్‌బాల్: పోయినేడాది ఆఖరి స్థానం, ఈసారి ఏడో పిక్. ఎలా తయారవ్వాలి?

ప్రశ్న, షార్లెట్ నుంచి (జూలై రెండో వారం, 2025)

అందరికీ నమస్కారం. పోయినేడాది ఆఫీసు వాళ్లు బలవంతం చేస్తే ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్) ఫ్యాంటసీ లీగ్‌లో చేరాను. నిజం ఆటగాళ్లను మనలో మనం పంచుకుని, మైదానంలో వాళ్లు ఆడినదాన్ని బట్టి పాయింట్లు తెచ్చుకోవడమే ఈ ఆట. పన్నెండు మందిలో పన్నెండో స్థానం వచ్చింది. ఆఖరున నిలిచినవాడు నెల రోజులు అందరికీ కాఫీ తెచ్చిపెట్టాలని మావాళ్ల రూలు. జనవరంతా మోశాను.

జరిగింది ఇది. ఆటగాళ్లను పంచుకునే డ్రాఫ్ట్‌కి చీట్లు తీస్తే నాకు మొదటి పిక్, అంటే అందరికన్నా ముందు ఎంచుకునే వంతు, వచ్చింది. కళ్లు మూసుకుని శాన్‌ఫ్రాన్సిస్కో రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) క్రిస్టియన్ మెకాఫ్రీని తీసుకున్నాను. 2023లో అతనికి 1,459 రషింగ్ (పరిగెత్తిన) యార్డులు, 67 క్యాచ్‌లు, మొత్తం 21 టచ్‌డౌన్లు (బంతిని అవతలి చివరి గీత దాటించడం). ఎవరైనా అతన్నే తీసుకుంటారు కదా. 2024లో నాలుగే నాలుగు ఆటలు ఆడాడు. మధ్య రౌండ్లలో మయామి రన్నింగ్ బ్యాక్ రహీమ్ మోస్టర్ట్ కనిపించాడు. అతనికీ 2023లో 21 టచ్‌డౌన్లే, పైగా చవగ్గా దొరుకుతున్నాడు. లాటరీ తగిలిందనుకున్నాను. 2024లో 278 యార్డులు, 2 టచ్‌డౌన్లు. ఇక చివరి ఆరు రౌండ్ల సమయానికి నేను ఇండియా ఫ్లైట్ ఎక్కేశాను. మనం లేకపోతే యాప్ తనే తీసే ఆటోపిక్ నాకు ఇద్దరు కిక్కర్లను కట్టబెట్టింది.

ఇంటి దగ్గర ఉన్నప్పుడు డ్రీమ్ 11లో ఐపీఎల్ ఆడేవాణ్ణి. ఆంధ్రాలో డబ్బు పోటీలు లేవు కాబట్టి ఫ్రీ పోటీలే. అందులో ఫర్వాలేదనిపించేవాణ్ణి. ఇక్కడ మాత్రం ఏమీ పట్టుబడటం లేదు.

మా లీగ్ వివరాలు: 12 జట్లు, స్నేక్ డ్రాఫ్ట్ (ఒక రౌండ్ 1 నుంచి 12 దాకా, మరుసటిది 12 నుంచి 1 దాకా), ఫుల్ పీపీఆర్. ఒక క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు), ఇద్దరు రన్నింగ్ బ్యాక్‌లు, ఇద్దరు వైడ్ రిసీవర్లు (బంతి పట్టేవాళ్లు), ఒక టైట్ ఎండ్ (బంతి పడుతూ అడ్డు కూడా కాసేవాడు), ఒక ఫ్లెక్స్ (రన్నింగ్ బ్యాక్, రిసీవర్, టైట్ ఎండ్‌లలో ఎవరైనా), కిక్కర్, డిఫెన్స్ (ఏదో ఒక జట్టు డిఫెన్స్ మొత్తం), బెంచ్ మీద ఆరుగురు. ఈసారి నాది 7వ పిక్. డ్రాఫ్ట్ ఆగస్టు 30, శనివారం. ఇప్పటి నుంచి ఏం చూడాలి? ఏ అంకెల్ని నమ్మాలి?

డాలస్ నుంచి

తమ్ముడూ, ముందు డ్రీమ్ 11 అలవాటు మర్చిపో. అక్కడ కోహ్లీని లక్షమంది తీసుకోవచ్చు. ప్రతి మ్యాచ్‌కీ కొత్త జట్టు. ఇక్కడ ఒక ఆటగాడు లీగ్‌లో ఒక్కడికే సొంతం, అదీ సీజన్ మొత్తానికి. నువ్వు తీసుకుంటే మిగతా పదకొండు మందికీ వాడు లేనట్టే. అందుకే ‘వీడు ఎంత బాగా ఆడతాడు’ అన్నదొక్కటే సరిపోదు. ‘వీణ్ణి వదిలేస్తే నా తర్వాతి పిక్‌కి వీడిలాంటివాడు మిగులుతాడా’ అని కూడా అడుక్కోవాలి. ఏడో పిక్ అంటే నీ వంతులు 7, 18, 31, 42, 55, 66. మధ్యలో పది పన్నెండు మంది వెళ్లిపోతారు. ఈ అంకెలు కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకో.

రెండోది, మీ స్కోరింగ్. ఫుల్ పీపీఆర్ అంటే ప్రతి క్యాచ్‌కీ ఒక పాయింటు. ఇది ఎంత మారుస్తుందో లెక్క వేసి చూడు. పోయిన సీజన్‌లో అరిజోనా టైట్ ఎండ్ ట్రే మెక్‌బ్రైడ్‌కి 111 క్యాచ్‌లు, 1,146 యార్డులు, 2 రిసీవింగ్ టచ్‌డౌన్లు. పది యార్డులకు ఒకటి, టచ్‌డౌన్‌కి ఆరు చొప్పున, పీపీఆర్ లేకపోతే బంతి పట్టినందుకు వచ్చేది 126.6 పాయింట్లు. పీపీఆర్‌లో 237.6. బాల్టిమోర్ డెరిక్ హెన్రీ 1,921 యార్డులు పరిగెత్తి 16 రషింగ్ టచ్‌డౌన్లు కొట్టాడు. మహానుభావుడు. కానీ అతని క్యాచ్‌లు 19. అంటే పీపీఆర్ వల్ల అతనికి వచ్చేది పంతొమ్మిది పాయింట్లే. హెన్రీ పనికిరాడని కాదు, ఇంటర్నెట్‌లో దొరికే ర్యాంకుల పట్టీ ఏ స్కోరింగ్‌కి రాసిందో చూడకుండా నమ్మొద్దని. సగం మంది అక్కడే బోల్తా పడతారు.

క్వార్టర్‌బ్యాక్‌కీ ఇదే లెక్క. మామూలు స్కోరింగ్‌లో 25 పాసింగ్ యార్డులకు ఒక పాయింటు, పరిగెడితే పది యార్డులకే ఒక పాయింటు. లామార్ జాక్సన్ పోయినేడాది పరిగెత్తిన 915 యార్డులు దాదాపు 2,290 పాసింగ్ యార్డులతో సమానం. టచ్‌డౌన్ విసిరితే 4, తనే పరిగెత్తి కొడితే 6. కాళ్లున్న క్వార్టర్‌బ్యాక్ ధర అందుకే ఎక్కువ.

న్యూజెర్సీ నుంచి

అన్నగారు చెప్పింది నిజమే గానీ, అసలు తప్పు మోస్టర్ట్ దగ్గర జరిగింది. దాని గురించి ఎవరైనా మాట్లాడాలి. నేను ఉద్యోగరీత్యా డేటా చూస్తాను కాబట్టి కాస్త ఎక్కువ చెబితే ఏమీ అనుకోకండి.

మీరు ఆ 21ని చూశారు. అది ఎలా వచ్చిందో చూడలేదు. మోస్టర్ట్ 2023లో 209 సార్లు పరిగెత్తి 18 టచ్‌డౌన్లు కొట్టాడు. దగ్గర దగ్గర ప్రతి పన్నెండు పరుగులకు ఒకటి. అంతకు ముందు కెరీర్‌లో అతను ఏనాడూ అలా కొట్టలేదు. పైగా వయసు ముప్పై దాటింది, పక్కనే డీవాన్ ఎచేన్ లాంటి కుర్రాడు ఉన్నాడు. టచ్‌డౌన్ల సంఖ్య మన ఊళ్లో వానలాంటిది. ఒక ఏడాది కుండపోత, మరుసటి ఏడాది చినుకుండదు. బంతి ఎన్నిసార్లు చేతికొచ్చింది అన్న సంఖ్య మాత్రం బోరుబావిలాంటిది. అంత తొందరగా మారదు.

కాబట్టి చూడాల్సినవి ఇవి. రిసీవర్ అయితే టార్గెట్లు, అంటే అతని వైపు ఎన్నిసార్లు బంతి విసిరారు. రన్నింగ్ బ్యాక్ అయితే క్యారీలు (బంతి పట్టుకుని ఎన్నిసార్లు పరిగెత్తాడు), టార్గెట్లు రెండూ కలిపి. జట్టు ఆడిన ప్లేలలో అతను ఎన్నింటికి మైదానంలో ఉన్నాడు. వీటిని ఆడిన ఆటలతో భాగించండి. మొత్తం సంఖ్య మోసం చేస్తుంది.

ఈ ఏడాది ఉదాహరణ చెబుతాను. వాషింగ్టన్ టెర్రీ మెక్‌లారిన్ పోయిన సీజన్‌లో 82 క్యాచ్‌లకు 13 టచ్‌డౌన్లు కొట్టాడు. అంతకు ముందు నాలుగేళ్లు వరసగా 4, 5, 5, 4. క్వార్టర్‌బ్యాక్‌గా జేడెన్ డేనియల్స్ రావడం వల్ల కొంత నిజంగానే మెరుగయ్యాడు, ఒప్పుకుంటాను. కానీ పదమూడుకు డబ్బు పెట్టి కొంటే ఎనిమిది చేతికొస్తుందనుకోండి. పైగా కాంట్రాక్టు గొడవ నడుస్తోంది. బఫెలో జేమ్స్ కుక్ 207 పరుగులకు 16 టచ్‌డౌన్లు, అదీ అదే కోవ. దీనికి తిరగేసిన ఉదాహరణ, అన్న చెప్పిన మెక్‌బ్రైడ్. 111 క్యాచ్‌లు పట్టినవాడికి రెండే టచ్‌డౌన్లు రావడం దురదృష్టం. అలాంటివాళ్లను మీ పట్టీలో పైకి తేవాలి.

మెకాఫ్రీని తీసుకోవడం మీ తప్పు కాదు. ఆ రోజు ఆ పిక్ సరైనదే. తప్పల్లా అతని బ్యాకప్ జోర్డన్ మేసన్‌ని తీసుకోకపోవడం. మొదటి వారమే మెకాఫ్రీ కూర్చుంటే, జెట్స్ జట్టు మీద మేసన్ 28 సార్లు పరిగెత్తి 147 యార్డులు కొట్టాడు. మీ లీగ్‌లో అతను ఎవరి దగ్గర ఉన్నాడు?

షార్లెట్

మా మేనేజర్ దగ్గర. ఆ వారం నా మీదే ఆడాడు.

హైదరాబాద్ నుంచి

నేను గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్. అమెరికా టీమ్ వాళ్ల లీగ్‌లో నాలుగేళ్లుగా ఉన్నాను. ఆదివారం ఆటలు మనకి రాత్రి పదిన్నరకి మొదలవుతాయి, నవంబరులో వాళ్లు గడియారం మార్చాక పదకొండున్నరకి. సోమవారం పొద్దున నా మొహం చూస్తే గెలిచానో ఓడానో మా ఆవిడ చెప్పేస్తుంది.

ఏడో పిక్ సంగతి నన్నడిగితే రన్నింగ్ బ్యాక్. ఇప్పుడు అందరూ వేస్తున్న వరస చూస్తే జమార్ చేజ్, బిజాన్ రాబిన్సన్, బార్క్‌లీ, గిబ్స్, జెఫర్సన్, సీడీ లాంబ్ మీ వంతు రాకముందే వెళ్లిపోతారు. మిగిలేది రిసీవర్లలో పుకా నకువా, మాలిక్ నేబర్స్, రన్నింగ్ బ్యాక్‌లలో మెకాఫ్రీ, ఎచేన్, రెయిడర్స్ కొత్త కుర్రాడు యాష్టన్ జెంటీ. నేనైతే జెంటీ. కాలేజీలో చివరి సీజన్‌లో 2,601 యార్డులు పరిగెత్తాడు. అసలు ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో జట్టు ఆరో నంబరు పిక్ ఖర్చుపెట్టి తెచ్చుకున్నవాణ్ణి బెంచ్ మీద కూర్చోబెట్టరు. మంచి రన్నింగ్ బ్యాక్‌లు రెండో రౌండ్ సగానికే అయిపోతారు. రిసీవర్లు ఐదో రౌండ్‌లో కూడా దొరుకుతారు.

న్యూజెర్సీ

క్షమించండి, నేను ఒప్పుకోను. జెంటీకి పని బాగానే దొరుకుతుంది, అది నిజం. కానీ పోయిన సీజన్‌లో రెయిడర్స్ లీగ్ మొత్తంలో అందరికన్నా తక్కువ పరిగెత్తిన జట్టు. ముందు నిలబడి దారి చేసే ఆ లైన్ ఒక్క కుర్రాడితో మారుతుందా? ఏడో పిక్‌కి నేను ఒక్క ఎన్‌ఎఫ్‌ఎల్ ఆట కూడా ఆడనివాణ్ణి తీసుకోను.

నేబర్స్‌ని చూడండి. 15 ఆటల్లో 170 టార్గెట్లు, ఆటకు పదకొండు పైనే. అదీ అంతంత మాత్రం క్వార్టర్‌బ్యాక్‌లతో. నకువాకి 11 ఆటల్లో 106, ఆటకు తొమ్మిదిన్నర. 990 యార్డులు వచ్చినా రిసీవింగ్ టచ్‌డౌన్లు మూడే. ఇద్దరిలో ఎవరైనా సరే. రన్నింగ్ బ్యాక్‌లకు దెబ్బలు ఎక్కువ. మొదటి పిక్ విరిగిపోతే ఎలా ఉంటుందో ఈయనకి కొత్తగా చెప్పాలా?

డాలస్

మీ ఇద్దరి గొడవ ప్రతి ఏడాదీ ఉండేదే. ‘జీరో ఆర్‌బీ’ (ఆర్‌బీ అంటే రన్నింగ్ బ్యాక్) అని ఒక పంథా, మొదటి రౌండ్లలో రిసీవర్లను నింపేసి రన్నింగ్ బ్యాక్‌లను చివర్లో ఏరుకోవడం. వాళ్ల వాదన ఏమిటంటే, సీజన్ నడుస్తుండగా దెబ్బల వల్ల కొత్త రన్నింగ్ బ్యాక్‌లు పుట్టుకొస్తారని. ‘హీరో ఆర్‌బీ’ అని మరొకటి, ఒక్క గట్టివాణ్ణి ముందు తీసుకుని ఆ తర్వాత అంతా రిసీవర్లు. నేను ఆడేది ఈ రెండోదే. కానీ ఏ పంథానూ డ్రాఫ్ట్‌కి ముందే ప్రమాణం చేసి కూర్చోకు. ఏడో పిక్‌కి రిసీవర్ తీసుకుంటే పద్దెనిమిదికి రన్నింగ్ బ్యాక్ వైపు చూడు. తిరగేసినా అంతే. మిగతా పదకొండు మంది ఎటు పరిగెడుతున్నారో అటు కాకుండా నడిస్తే సరుకు చవగ్గా దొరుకుతుంది. ఆఫీసు లీగ్‌లలో క్వార్టర్‌బ్యాక్‌లు చాలా ముందుగా పోతారు. పోనీ. బేకర్ మేఫీల్డ్ పోయినేడాది 41 టచ్‌డౌన్లు విసిరాడు, అతన్ని చాలా లీగ్‌లలో చివరి రౌండ్లలో తీసుకున్నారు.

ఫిలడెల్ఫియా రన్నింగ్ బ్యాక్ సాక్వాన్ బార్క్‌లీ గనక ఏడో పిక్ దాకా జారితే ఏం చేయాలని అడుగుతావేమో. జారడు గానీ, ఒక్క మాట. ప్లేఆఫ్స్‌తో కలిపి పోయినేడాది 436 సార్లు బంతి పట్టుకుని పరిగెత్తాడు, 2,504 యార్డులు. అంత బరువు మోసిన కాళ్లు మరుసటి ఏడాది అలాగే ఉంటాయని నేను పందెం కాయను. పదిమంది నన్ను తిడతారని తెలుసు.

హైదరాబాద్

తిట్టేవాళ్లలో నేను మొదటివాణ్ణి అన్నా.

ఆఫ్‌సీజన్ వార్తల గురించి కూడా ఒక మాట. జట్టు మారినవాళ్ల కన్నా కోచ్ మారిన జట్లను ఎక్కువ చూడండి. డెట్రాయిట్‌లో దాడి అంతా నడిపిన బెన్ జాన్సన్ షికాగోకి హెడ్ కోచ్‌గా వెళ్లిపోయాడు. గిబ్స్ పోయినేడాది 20 టచ్‌డౌన్లు కొట్టింది అతని ప్లేలతోనే. గిబ్స్‌ని వదులుకోమనను, కానీ డెట్రాయిట్ వాళ్లందరికీ పోయినేడాది ధర పెట్టొద్దు. ఇక జూలై నాలుగున బాణసంచాతో నాజీ హారిస్ కంటికి దెబ్బ తగిలింది. ఛార్జర్స్‌లో అతని పక్కన ఉన్న కొత్త కుర్రాడు ఒమేరియన్ హ్యాంప్టన్ ధర రాత్రికి రాత్రే పెరిగింది. అందుకే నేను ఆగస్టు మూడో వారం ముందు ఏ లీగ్‌లోనూ డ్రాఫ్ట్ చేయను. మీది 30న కాబట్టి మంచిదే.

షార్లెట్ (ఆగస్టు మధ్యలో)

మళ్లీ వచ్చాను. మీరు చెప్పినట్టు టార్గెట్లు, క్యారీలు ఆటకు ఎన్నో లెక్కేసి ఒక పట్టీ రాసుకున్నాను. ఏడో పిక్ నుంచి పది మాక్ డ్రాఫ్ట్‌లు (ఉత్తుత్తి డ్రాఫ్ట్‌లు) చేశాను. ఏడుసార్లు నకువా దొరికాడు. కానీ నకువా జట్టు రామ్స్ క్యాంపు మొదలయ్యాక వాళ్ల క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫర్డ్ నడుం నొప్పితో ప్రాక్టీసుకు దూరంగా ఉన్నాడు. నాకు మళ్లీ టెన్షన్. ఆఖరి మాక్‌లో వచ్చిన జట్టు: నకువా, చేజ్ బ్రౌన్, మెక్‌బ్రైడ్, మెక్‌లారిన్, ఆ తర్వాత ఇద్దరు రన్నింగ్ బ్యాక్‌లు, తొమ్మిదో రౌండ్‌లో క్వార్టర్‌బ్యాక్, పదకొండులో డిఫెన్స్, పన్నెండులో కిక్కర్.

న్యూజెర్సీ

ఇంత చెప్పాక మళ్లీ మెక్‌లారిన్ ఎందుకండీ? నాలుగో రౌండ్‌లో వద్దు. ఇంకా కిందకి జారితే తీసుకోండి. ఏ ఆటగాడైనా ఒక ధరకి మంచివాడే.

మెక్‌బ్రైడ్ మూడో రౌండ్‌లో దొరకడం బాగుంది. టైట్ ఎండ్‌లలో పైనున్న ఇద్దరు ముగ్గురికీ మిగతావాళ్లకీ మధ్య పెద్ద గొయ్యి ఉంటుంది. అతను దొరక్కపోతే మాత్రం పదో రౌండ్ దాకా ఆ స్థానం జోలికి పోవద్దు. స్టాఫర్డ్ సంగతి 28, 29 తేదీల్లో చూడండి. అప్పటికీ ప్రాక్టీసు చేయకపోతే నేబర్స్.

డాలస్

డిఫెన్స్ పద్నాలుగులో, కిక్కర్ పదిహేనులో. పదకొండు, పన్నెండు రౌండ్లు బ్యాకప్ రన్నింగ్ బ్యాక్‌లవి. మేసన్ లాంటివాడు అక్కడే దొరుకుతాడు. మేసన్ ఇప్పుడు మిన్నెసోటాలో ఉన్నాడు, మీ మేనేజర్‌కి ఆ సంగతి తెలుసో లేదో. యాప్‌లో నీ సొంత వరసని ముందే ఎక్కించి పెట్టు. నెట్ పోయినా ఆటోపిక్ నీ పట్టీ నుంచే తీస్తుంది. ఆ శనివారం విమానం ఎక్కట్లేదు కదా?

షార్లెట్

ఈసారి అత్తగారే ఇక్కడికి వస్తున్నారు. అదే రోజు సాయంత్రం ఎయిర్‌పోర్టుకి వెళ్లాలి. డ్రాఫ్ట్ రెండు గంటలకే పెట్టమని మేనేజర్‌కి ఇప్పుడే మెయిల్ పెట్టాను.