చంపిన తరువాత కలిగే బాధకు విలువ ఉందా? వేటగాళ్ల మనసుపై చర్చ

మాటుగాడు (చర్చ ప్రారంభం)

చట్టం అనుమతించిన కాలంలో, అనుమతించిన సంఖ్యకు లోబడి, పదిహేడు సంవత్సరాలుగా జింకలను వేటాడుతున్నవాడిని. వేటను సమర్థించమని గానీ ఖండించమని గానీ మిమ్మల్ని కోరడం లేదు. వేటాడేవారు తమలో తాము కూడా అరుదుగా మాట్లాడుకునే ఒక విషయాన్ని మీ ముందు ఉంచుతున్నాను.

కిందటి వేటకాలంలో ఒక మగ జింకపై తుపాకీ పేల్చాను. తూటా తగిలిన చప్పుడు వినిపించింది. జింక ఒక్కసారి వంగి, పొదల్లోకి పరుగెత్తింది. అది నిలబడిన చోటికి వెళ్లి చూస్తే నేల మీద రక్తం ముదురు ఎరుపులో ఉంది. ఊపిరితిత్తులకు తగిలి ఉంటే రక్తం లేత ఎరుపులో, నురగతో కనిపించేది. ముదురు రక్తం కాలేయానికి తగిలిందనడానికి గుర్తు, అంటే జింక తప్పకుండా చనిపోతుంది గానీ వెంటనే చనిపోదు. అటువంటప్పుడు తొందరపడి వెంబడిస్తే అది బెదిరి మరింత దూరం పరుగెత్తి, ఎవరికీ దొరకని చోట పడిపోతుంది కనుక, గంటల తరబడి కదలకుండా కూర్చోవడమే పద్ధతి. నేను నాలుగు గంటలు కూర్చున్నాను. ఆ నాలుగు గంటలూ పొదల వెనుక ఏమి జరుగుతున్నదో నాకు తెలుసు.

ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో నాకు కలిగింది సంతోషమే. దానిని దాచి ప్రయోజనం లేదు. రక్తం రంగు చూడగానే సిగ్గు, ఎదురుచూసినంతసేపూ భయం, ప్రాణం పోయిన జింక దొరికినప్పుడు ఊరట, తెరిచి ఉన్న దాని కళ్లు చూసినప్పుడు పేరు పెట్టలేని బాధ, మాంసం ఇంటికి చేర్చినప్పుడు గర్వం కలిగాయి. ఇవన్నీ ఒకే రోజున జరిగాయి. సంగతంతా విన్న స్నేహితుడొకరు, “బాధ నిజమే అయితే వేట మానేసేవాడివి, మానలేదు కనుక అది మొసలి కన్నీరు” అన్నారు. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. మీ దగ్గర ఉందా?

ప్రశ్నార్థకం

మాటుగాడు గారూ, నిజాయితీగా రాసినందుకు ధన్యవాదాలు. అయినా మీ స్నేహితుని పక్షమే నాది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెతలో ఆట ముగిశాక పిల్లి కొంచెం బాధపడిందని చేర్చితే ఎలుకకు ఒరిగేది ఏముంది? మీరు కూర్చున్న ఆ నాలుగు గంటలలో మీ మనోవేదన జింక నొప్పిని ఒక్క క్షణమైనా తగ్గించలేదు.

నాకు ఇంకొక అనుమానం కూడా ఉంది. ఈ బాధ వేటలోని ఆనందానికి వ్యతిరేకం కాదేమో, ఆ ఆనందంలోనే ఒక భాగమేమో. సులువుగా చంపి సులువుగా మరచిపోయేవాడికంటే తాను గొప్పవాడినని వేటగాడు అనుకోవడానికి ఈ దుఃఖం పనికివస్తుంది. జర్మన్ భాష మాట్లాడే ప్రాంతాలలో చంపిన జంతువు నోట్లో ఒక చిన్న చెట్టుకొమ్మను పెట్టి, దానిని ఆఖరి ముద్ద అని పిలిచే సంప్రదాయం ఉంది. చూడటానికి హుందాగానే ఉంటుంది. అయితే ఆ ముద్ద రుచి చూసేది జంతువు కాదు, దాని చుట్టూ నిలబడిన మనుషులు.

అడవిదారి

నేనూ వేటాడేవాడినే. ప్రశ్నార్థకం గారి వాదనలో రెండు వేర్వేరు భావాలు కలిసిపోయాయి. పశ్చాత్తాపం అంటే చేసిన పని తప్పని ఒప్పుకోవడం. శోకం అంటే ఒక నష్టం జరిగిందని గుర్తించడం. మొదటిది కలిగినవాడు ఆ పనిని మళ్లీ చేయకూడదు, నిజమే. రెండవదానికి ఆ షరతు లేదు. కోలుకోలేని జబ్బుతో బాధపడుతున్న జంతువుకు ప్రాణం తీసే సూది వేసిన పశువైద్యుడు ఆ సాయంత్రం దిగులుగా ఉంటే, “దిగులు పడ్డావు కనుక నీవు చేసింది తప్పే” అని మనం అనము కదా.

ప్రకృతి పరిరక్షణ గురించి రాసిన అమెరికా రచయిత అల్డో లియోపోల్డ్ జీవితం ఈ సందర్భంలో పరిశీలించదగినది. ఆయన 1909లో అమెరికా అటవీ శాఖలో ఉద్యోగంలో చేరి అరిజోనా కొండలలో పనిచేసేవారు. తోడేళ్లు తగ్గితే జింకలు పెరుగుతాయనీ, తోడేళ్లే లేకుండా పోతే అది వేటగాళ్లకు స్వర్గమనీ అందరూ నమ్మిన రోజులవి. ఆయనా అలాగే నమ్మి, కనిపించిన తోడేళ్ల గుంపుపై తోటివారితో కలిసి తుపాకీ పేల్చారు. చావబోతున్న ఆడ తోడేలు దగ్గరికి వెళ్లినప్పుడు దాని కళ్లలో ఒక ఆకుపచ్చని మంట ఆరిపోవడం చూశాననీ, తాను అనుకున్నదానిని ఆ తోడేలు గానీ ఆ కొండ గానీ ఒప్పుకోవని అప్పుడే తోచిందనీ ఆయన రాశారు. రాసింది ఎప్పుడు? 1944లో, అంటే దాదాపు ముప్పై ఐదేళ్ల తరువాత. ఆ మధ్యకాలంలో ఆయన తోడేళ్లను నిర్మూలించే విధానాన్ని గట్టిగా సమర్థించినవారే. తోడేళ్లు పోయిన కొండలలో జింకలు అదుపులేకుండా పెరిగి, మొలకలన్నీ మేసి, చివరకు ఆకలితో చావడం గమనించాక ఆయన అభిప్రాయం క్రమంగా మారింది. అయినా వేట మానలేదు. 1948లో మరణించేవరకూ వేటగాడిగానే ఉన్నారు. ఆయన మార్చుకున్నది దేనిని చంపాలి, ఎందుకు చంపాలి అన్న లెక్కను. ఆ కళ్ల జ్ఞాపకం మొసలి కన్నీరు అయితే ముప్పై ఐదేళ్లు నిలిచేది కాదని నా నమ్మకం.

ప్రశ్నార్థకం

పశువైద్యుడి పోలిక ఇక్కడ చెల్లదు. ఆయన ఆ జంతువు మేలు కోసం దాని ప్రాణం తీస్తాడు. జింక మేలు కోసం మాటుగాడు గారు తుపాకీ పేల్చలేదు.

లియోపోల్డ్ గురించి మీరు రాసిన దానిని కాదనను, కానీ అది నా వైపుకే మొగ్గుతుంది. ఆయన మారింది కళ్లు చూసినందువల్ల కాదు, కొండలు బోడివైపోవడం చూసినందువల్ల. ఆ కళ్ల బాధ ఒక్కటే ఉన్నంతకాలం తోడేళ్ల చావు ఆగలేదని మీ వాక్యాలే చెబుతున్నాయి.

పాతపుటలు

ఇది కొత్త ప్రశ్న కాదు. మహాభారతంలో పాండురాజు జంటగా ఉన్న జింకలను బాణంతో కొడతాడు. మగ జింక నిజానికి మృగరూపంలో ఉన్న కిందముడనే ముని. మనకు శాపం మాత్రమే గుర్తుంటుంది గానీ, అంతకుముందు వారిద్దరి మధ్య జరిగిన వాదం అంతకంటే ఆసక్తికరమైనది. వేట రాజధర్మమని పాండురాజు సమర్థించుకుంటాడు. అందుకు ముని, “జింకను చంపినందుకు నిన్ను తప్పుపట్టడం లేదు, మేము కలిసి ఉన్న ఆ సమయం గడిచేవరకు ఆగనందుకు తప్పుపడుతున్నాను” అన్న అర్థం వచ్చేలా జవాబిస్తాడు. అక్కడ తప్పు చంపడం కాదు, ఆగకపోవడం. పిల్లలను కని పెంచే కాలంలో వేటను నిషేధించే నేటి చట్టాలు ఈ మాటకు దగ్గరగానే ఉన్నాయి.

అరణ్యపర్వంలో ఇంకొక ఘట్టం ఉంది. పాండవులు ద్వైతవనంలో జింకలను వేటాడి జీవిస్తుంటారు. ఒక రాత్రి ధర్మరాజుకు కలలో జింకలు కనిపించి, వణుకుతూ, కన్నీళ్లతో చేతులు జోడించి, తమ జాతిలో ఇక విత్తనానికన్నట్టు కొన్నే మిగిలామనీ, తాము మళ్లీ పెరిగేలా నివాసం మార్చుకోమనీ వేడుకుంటాయి. తెల్లవారగానే ఆయన తమ్ములకు ఆ సంగతి చెప్పి, అందరితో కలిసి కామ్యకవనానికి తరలివెళతాడు. జాలి కలగడం, కలిగిన వెంటనే బయలుదేరడం రెండూ ఒకే ఉదయం జరిగాయి. మాటుగాడు గారి స్నేహితుడు అడిగిన ప్రశ్నకు ఇది ఒక సమాధానం కావచ్చు.

ప్రశ్నార్థకం

కామ్యకవనం జింకలు సమృద్ధిగా ఉన్న అడవి అని కూడా అక్కడే ఉంది కదండీ. ఆయన వేట మానలేదు, వేటస్థలం మార్చారు.

పాతపుటలు

నిజమే, ఒప్పుకుంటున్నాను. కానీ ద్వైతవనపు జింకలు మిగిలాయి.

ఒకమాట

మాంసం కొని తినేవారందరికీ ఈ ప్రశ్న వర్తించదా? వేటగాడు కనీసం ఆ కళ్లు చూస్తాడు. మనం చూడనైనా చూడము.

ప్రశ్నార్థకం

వర్తిస్తుంది. అందుకే నేను మాంసం తినను. అయితే ఒకరు చూడకుండా చేసే పనిని ఇంకొకరు చూసి చేసినంత మాత్రాన అది మంచి పని అయిపోదు కనుక, ఆ వాదనను ఇక్కడితో వదిలేయడం మేలని నా మనవి.

చివరివరుస

ఇంతవరకూ చదువుతూ వచ్చాను. నేను వేటాడను, వేటను వ్యతిరేకించను. నాకున్న చిరాకంతా వేటగాళ్ల దయ గురించి చెప్పే కథల మీద. వాటిలో అన్నింటికంటే పేరున్న కథ 1902 నవంబరులో మిసిసిపీలో జరిగింది. అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఎలుగుబంటి వేటకు వెళ్లారు. హోల్ట్ కాలియర్ అనే వేట నిపుణుడు ఒక ఎలుగుబంటిని చుట్టుముట్టి, తలపై కొట్టి, చెట్టుకు కట్టి, అధ్యక్షుణ్ణి పిలిపించాడు. కట్టివేసిన జంతువును కాల్చడం వేట నీతి కాదని రూజ్‌వెల్ట్ నిరాకరించారు. ఈ సంఘటనపై ఒక పత్రికలో వ్యంగ్యచిత్రం వచ్చింది, దాని నుంచి పిల్లలు ఆడుకునే టెడ్డీ ఎలుగు బొమ్మ పుట్టింది. బొమ్మతో పాటు మనకు చేరని సంగతి ఏమిటంటే, గాయపడిన ఆ ఎలుగుబంటి బాధను ముగించమని ఆయనే చెప్పారు, దానిని కత్తితో చంపారు.

రూజ్‌వెల్ట్ తప్పు చేశారని నేను అనడం లేదు. ఆ స్థితిలో అంతకంటే మంచి దారి ఉండకపోవచ్చు. కానీ ఎలుగుబంటి వైపు నుంచి చూస్తే అధ్యక్షుడి నీతి వల్ల తేడా వచ్చింది ఆయుధంలో మాత్రమే. వేటగాడి మనసు గురించి మాట్లాడేటప్పుడు కథ ఎవరి కోసం చెబుతున్నామో చూసుకోవాలి.

దీనికి భిన్నంగా నాకు నచ్చేది, మనుషులను తినే పులులను, చిరుతలను వేటాడి ఆ అనుభవాలను రాసిన జిమ్ కార్బెట్ పద్ధతి. రుద్రప్రయాగ చిరుతపులి 125 మందిని పొట్టనబెట్టుకున్నట్టు ప్రభుత్వ లెక్కలు చెప్పాయి. నెలల తరబడి వెంటాడి 1926లో దానిని చంపిన కార్బెట్, తన ముందు పడి ఉన్నది రాక్షసి కాదనీ, ఒక ముసలి చిరుతపులి అనీ, అది చేసిన నేరం మనిషి చట్టం దృష్టిలోనే నేరమనీ, ప్రకృతి చట్టం దృష్టిలో కాదనీ రాశారు. చంపడం అవసరమేనని ఆయనకు సందేహం లేదు, అయినా చచ్చినదానిని దుష్టజంతువుగా చిత్రించి తన మనసును తేలిక చేసుకోలేదు. తరువాతి కాలంలో పులులను తుపాకీతో కంటే కెమెరాతో వెంబడించడానికే ఎక్కువ ఇష్టపడ్డారు.

అడవిదారి

చివరివరుస గారి మాటకు ఒకటి జోడిస్తాను. అనుభవం లేని వేటగాళ్లలో నేను ఎక్కువగా చూసింది బాధను కాదు, బాధ లేనట్టు నటించడాన్ని. మొదటి జంతువును చంపినప్పుడు చుట్టూ ఉన్న పెద్దలు వీపు తట్టి అభినందిస్తారు, ఫోటో తీస్తారు, నవ్వమంటారు. ఏడుపు వస్తున్నా నవ్విన కుర్రవాళ్లను నేను ఎరుగుదును; వారిలో నేనూ ఒకడిని. ఆ రోజు ఎవరైనా నవ్వనవసరం లేదని చెప్పి ఉంటే, దూరం ఎక్కువగా ఉన్నా గురి పెట్టి జంతువులను గాయపరచిన ఆ తరువాతి రెండు మూడు సంవత్సరాలు నాకు వేరుగా గడిచేవి. బాధను మింగడం నేర్చినవాడు అనుమానాన్ని కూడా మింగుతాడు. అనుమానం మింగినవాడు పేల్చకూడని చోట పేలుస్తాడు.

ప్రశ్నార్థకం

ఈ చర్చలో నన్ను మొదటిసారి ఆలోచనలో పడేసిన మాట ఇదే. చంపిన తరువాతి బాధ చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనన్న నా అభిప్రాయం మారలేదు. కానీ కిందటిసారి బాధ వచ్చేసారి వేలును ఆపగలిగితే, ఆ ఆగిన వేలు వల్ల ప్రయోజనం పొందేది జింకే కనుక, దానిని కాదనడానికి నా దగ్గర కారణం లేదు. మాటుగాడు గారిని సూటిగా అడుగుతున్నాను: ఆ నాలుగు గంటల తరువాత మీరు ఏమి మార్చుకున్నారు?

మాటుగాడు

అందరికీ కృతజ్ఞతలు. సూటి ప్రశ్నకు సూటిగానే చెబుతాను. అంతకుముందు 250 మీటర్ల వరకూ పేల్చేవాడిని. కాగితపు గురి మీద ఆ దూరంలో నా చేయి తప్పదు. కాగితం అడుగు కదపదనీ, జింక కదుపుతుందనీ ఆ రోజు తెలిసింది. కాలేయానికి తగలడానికి కారణం గాలి కాదు, తుపాకీ కాదు. నేను నొక్కడానికీ తూటా చేరడానికీ మధ్య జింక ఒక అడుగు ముందుకు వేసింది. ఇప్పుడు 120 మీటర్లు దాటితే పేల్చను, జంతువు నడుస్తుంటే పేల్చను. వెలుతురు తగ్గాక అసలు పేల్చను, ఎందుకంటే చీకట్లో రక్తపు జాడ వెతకడం కష్టం.

స్నేహితుడికి ఇవ్వవలసిన జవాబు ఇంకా పూర్తిగా దొరకలేదు. వేట మానేస్తానని ఇక్కడ రాస్తే అబద్ధం అవుతుంది. ఈ నియమాలు పెట్టుకున్నాక రెండుసార్లు జింక కనిపించి కూడా పేల్చకుండా తిరిగి వచ్చాను.

ప్రశ్నార్థకం

ఆ రెండుసార్లు తిరిగి వస్తున్నప్పుడు సంతోషం కలిగిందా?

మాటుగాడు

లేదండీ. మొదటిసారి చికాకు కలిగింది. రెండవసారి కూడా చికాకే, ఎందుకంటే అది మొదటిదానికంటే పెద్ద జింక.