నోబుల్స్ కౌంటీ పందుల రైతులకు కోవిడ్ సాయం: డబ్బు ఎవరికి చేరింది?

మంకాటో_మామ:
అమెరికాలో మినెసోటా రాష్ట్రం నోబుల్స్ కౌంటీలోని వర్తింగ్టన్‌లో రోజుకు దాదాపు 20 వేల పందులు కోసే జేబీఎస్ అనే మాంసం కంపెనీ ప్లాంటు ఉంది. కార్మికులకు కోవిడ్ రావడంతో 2020 ఏప్రిల్ 20న మూతపడింది. నోబుల్స్ కౌంటీలో, పక్క కౌంటీల్లో షెడ్లన్నీ కిక్కిరిసిపోయాయి. ఎదిగిన పందిని నెలల తరబడి ఆపి ఉంచలేం. బరువు మించితే కోత లైనుకు పనికిరాదు, వెనక నుంచి పిల్లలు వస్తూనే ఉంటాయి. ఆ నెలాఖరుకు ప్లాంటును కొంత తెరిచారు, మాంసం కోసం కాదు, పందుల్ని చంపి పారేయడానికి. ఇదే సమయంలో ట్రంప్ ప్రభుత్వం రైతులకు నేరుగా 16 బిలియన్ డాలర్లు ఇచ్చే సీఫాప్ అనే కోవిడ్ సాయం పథకం ప్రకటించింది. ఆ డబ్బు పందుల యజమానికి వెళ్లింది, సొంత షెడ్డులో కంపెనీ పందుల్ని పెంచుతూ చాకిరీ చేసిన కాంట్రాక్టు రైతుకు కాదు. నా దృష్టిలో అది అన్యాయం. మీరేమంటారు?

పత్తిచేను:
మామా, ధర పడిపోతే మునిగేది సరుకు ఎవరిదో వాళ్లే కదా. కాంట్రాక్టు రైతుకు పందుల రేటుతో పనేముంది? పిల్లలూ దాణా కంపెనీవి, ఇతనికి చోటుకు ఇంతని కిరాయి వస్తుంది. పైగా అది అత్యవసరం. మే 26న దరఖాస్తులు మొదలుపెట్టి, ఫోన్ మీదే పని నడిపించారు. ఒక్కో షెడ్డు లెక్క తీస్తూ కూర్చుంటే ఏడాది పట్టేది.

మంకాటో_మామ:
కిరాయి వచ్చేది షెడ్డులో పందులుంటేనే. కంపెనీ తర్వాతి విడత పిల్లల్ని దింపకపోతే షెడ్డు ఖాళీ. బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు, ఆ అప్పు రైతు పేరు మీదే ఉంటుంది. ఇది నా ఒక్కడి మాట కాదు. 2020 డిసెంబరు చట్టంలో కాంగ్రెసే కాంట్రాక్టు రైతులకు బిలియన్ డాలర్ల దాకా ఇవ్వొచ్చని రాసింది. దరఖాస్తులు తీసుకునేసరికి 2021 వచ్చేసింది.

పాలమూరు_పిల్ల:
ఇది చదువుతుంటే మన రైతుబంధే గుర్తొచ్చింది. ఎకరానికి పంటకు 5 వేలు పట్టాదారు ఖాతాలో పడేవి, దున్నే కౌలు రైతుకు సున్నా. అప్పుడూ ఇదే జవాబు: లెక్క తేలిక, డబ్బు తొందరగా వెళ్తుంది.

పత్తిచేను:
అక్కా, పోలిక పూర్తిగా కుదరదు. రైతుబంధులో విస్తీర్ణానికి పరిమితే ఉండేది కాదు. ఇక్కడ మనిషికి రెండున్నర లక్షల డాలర్లు దాటకూడదన్నారు.

ఒమాహా_శ్రీదేవి:
ఆ పరిమితికీ దారి ఉందండీ. కంపెనీగా నమోదై, పొలంలో పనిచేసే వాటాదారులు ముగ్గురుంటే ఏడున్నర లక్షల దాకా వెళ్లొచ్చు. అసలు మాట రేట్లది. ఏప్రిల్ 16 నుంచి మే 14 మధ్య షెడ్డులో ఉన్న పందికి 17 డాలర్లు. మామూలు రోజుల్లో వందకు పైనే పలికే జీవం! చంపేసినవాటికి మార్కెట్ విలువలో 80 శాతం ఇచ్చే వేరే పథకం 2021లో గానీ రాలేదు. 2020లో మొక్కజొన్న వేసినవాళ్లకు మాత్రం 2021 వసంతంలోనే ఎకరానికి ఇంకో 20 డాలర్లు ప్రకటించారు. అప్పటికి బుషెల్ (సుమారు 25 కిలోలు) మొక్కజొన్న ధర 5 డాలర్లు దాటింది. నష్టం లేనిచోట అదనం, జీవాల్ని చేజేతులా చంపుకున్నచోట ఏడాది ఆలస్యం. పత్తిచేను గారూ, తొందర అంటున్నారు, ఆ తొందర పందుల దగ్గర ఎందుకు లేదు?

పత్తిచేను:
మొక్కజొన్న 20 డాలర్లను నేనూ సమర్థించలేను. అది డిసెంబరు చట్టంలో రాసేశారు, మార్చికి ధర మారినా చట్టం మారలేదు. కానీ మొదటి విడతను దానితో కలిపి తిట్టకండి. ఆ మే నెలలో దరఖాస్తులు తీసుకునే వ్యవసాయ శాఖ కౌంటీ ఆఫీసు దగ్గర ఎవరి షెడ్డులో ఎన్ని చచ్చాయో లెక్కే లేదు, రైతు చెప్పిందే లెక్క.

మంకాటో_మామ:
రైతు చెప్పిందే లెక్క అయినప్పుడు, షెడ్డు ఖాళీగా ఉందని కాంట్రాక్టు రైతు చెబితే ఎందుకు నమ్మలేదు?